బొరుగుల బరువు

ఉగ్గాని కన్నా తేలికైన తిండి మా సీమలో లేదు. బొరుగుల్ని నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిగడ్డలూ పచ్చిమిరపకాయలూ పసుపూ వేసిన తిరగవాతలో కలిపి, పైన ఇంత పప్పుల పొడి చల్లితే అయిపోయింది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పడితే ఇంకేం అడగం. కడుపుకూ తేలికే, జేబుకూ తేలికే. అదే ఉగ్గానిని ఫోటో తీసి ఇంటర్నెట్టులో పెట్టండి, మన వంటకాలన్నిటిలోకీ అంత బరువైనది ఇంకోటి ఉండదు. ఇది నేను స్వయంగా కనిపెట్టిన సత్యం. మా ఇంట్లో దీన్ని వినే నాథుడు లేడు గనక మీకు చెప్పుకుంటున్నాను.

మాది బళ్లారి జిల్లా సండూరు తాలూకా చోరనూరు. తాలూకాలో ఒక భాగమైన హోబళికి కేంద్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి మైసూరు వైపు వచ్చింది. 2021లో జిల్లాను మళ్లీ చీల్చి హొసపేట, కూడ్లిగిలను విజయనగర జిల్లాలో వేశారు, మేం బళ్లారిలోనే మిగిలాం. గీతలు ఎవరు ఎక్కడ గీసినా మా ఇంట్లో మాత్రం బడికి కన్నడ, గొడవకు తెలుగు. నాకో జిరాక్సు అంగడి ఉంది. కరెంటు ఉన్నప్పుడు ఆధార్ కార్డుల నకళ్లు తీస్తాను, గిరాకీ లేనప్పుడు ఇంటర్నెట్టులో ఉంటాను. రెండోది ఎక్కువ. అలా ఉన్న ఒకానొక తీరికలో, సరిహద్దు వంటల గురించి ఒక సైటు పెట్టి, ప్రపంచానికి ఉగ్గాని రుచి చూపిద్దామని కూర్చున్నాను.

ప్రపంచం రాలేదు. నేను రాసిన వ్యాసాలను నేను చదివాను, మా ఆవిడ చదివినట్టు తలూపింది. అప్పుడొక వీడియోలో ఒక కుర్రవాడు సెలవిచ్చాడు: రాతలతో పోటీ పడలేవు, బొమ్మలతో రా. జనం బొమ్మలు వెతుక్కుంటూ వస్తారు, నీ బొమ్మ పైన కనబడితే నీ గుమ్మం తొక్కుతారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. 2000 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల పండక్కి జెన్నిఫర్ లోపెజ్ ఒక ఆకుపచ్చ గౌనులో వచ్చింది. ఆ గౌను ఎలా ఉందో చూద్దామని జనమంతా గూగుల్ మీద పడ్డారు. గూగుల్ దగ్గర లింకులే తప్ప బొమ్మలు చూపించే ఏర్పాటు లేదు. ఆ గౌను గురించి చదవాలని ఎవరికుంటుంది? 2001 జులైలో బొమ్మల వెతుకులాట మొదలు కావడానికి అదే కారణమని, గూగుల్‌ను ఏళ్ల తరబడి నడిపిన ఎరిక్ ష్మిట్ తర్వాత తనే రాశాడు. ఈ చరిత్రంతా నేను ఉత్సాహంగా మా ఆవిడకు వినిపించాను. ఆమె నా మేనమామ కూతురే. కాబట్టి గౌరవం అనే అడ్డంకి మా మధ్య ఎప్పుడూ లేదు.

"ఆయమ్మ గౌను చూడనీకి జనం వచ్చిరి. నీ బొరుగులు చూడనీకి ఎవురొస్తారు బావా?" అంది.

మొదటి పాఠం పేర్లు. ఫోనులో తీసిన ఫోటోకు ఫోను తనంతట తానే ఐఎంజీ అని మొదలుపెట్టి, వెనక ఇన్ని అంకెలు తగిలించి పేరు పెడుతుంది. దానివల్ల గూగుల్‌కు ఏమీ అర్థం కాదు. నల్ల పిల్లికూన ఫోటోకు నల్ల పిల్లికూన అనే పేరు పెట్టుకోండి, అంకెలు వద్దు అని గూగుల్ తన సలహాల్లోనే ఉదాహరణతో సహా చెప్పింది. మాటకూ మాటకూ మధ్య హైఫన్ ఉండాలట, కింది గీత పనికిరాదట. నేను భాషాభిమానిని గనక ముందు అచ్చంగా తెలుగులోనే ఉగ్గాని అని పెట్టాను. చిరునామాలోకి వెళ్లేసరికి ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిదేసి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ శాతం గుర్తులూ అయి కూర్చుంది. గుణింతాలూ ఒత్తులూ విడదీస్తే ఉగ్గానిలో ఉన్నవి ఏడు గుర్తులు. ఏడు తొమ్మిదులు 63. ఎవరికైనా పంపిస్తే వైరస్ అనుకుని చెరిపేసేంత అందంగా ఉంది ఆ లింకు. భాషాభిమానం అక్కడితో సరి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామంటే యూతో మొదలుపెట్టాలా, వీతోనా, ఓతోనా? కన్నడం వాళ్లు మండక్కి ఒగ్గరణె అని వెతుకుతారు, కోస్తా వాళ్లు మరమరాల ఉప్మా అంటారు. ఎవర్నీ నొప్పించకూడదని అందరినీ ఒకే పేరులో కూర్చోబెట్టాను. ఆ ఫైలు పేరు తెర అంచు దాటి పోయింది.

ఈ జబ్బు కంప్యూటరులోనే ఆగి ఉంటే బాగుండేది. వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించాను: కంది-పప్పు-సండూరు-సంత-రెండు-కేజీలు. మా ఆవిడ వాటిని పీకి పారేస్తూ, మూత తీస్తే కనపడేదానికి చీటీ ఏంటికి అంది. వెతికేవాళ్లు మూత తీయకముందే తెలియాలి, అదే కదా ఇందులోని కిటుకు అన్నాను. వెతికేదాన్ని నేనే, పెట్టినదాన్నీ నేనే అంది. ఈ వాదనకు సమాధానం చెప్పే వీడియో నాకింకా దొరకలేదు.

దీనికన్నా పెద్దది మా పెళ్లి ఫోటోల విషయంలో జరిగింది. పాత ఆల్బం స్కాన్ చేసి ఉంచుకున్న ఫోల్డరు కూడా నేను మూకుమ్మడిగా పేర్లు మార్చిన ఫోల్డర్లలో కలిసిపోయింది. గుంతకల్లులో ఉన్న వాళ్ల పిన్ని ముచ్చటపడి అడిగితే మా ఆవిడ ఒక ఫోటో వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపింది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు పేరు కూడా కనబడుతుందని ఆమెకు తెలియదు. అరగంటలో ఫోను వచ్చింది. "ఏమ్మా, మీ తలంబ్రాల ఫోటో కింద బళ్లారి స్పెషల్ బెస్ట్ బొరుగుల వంట అని రాసుండాది, ఏందిది?" తలంబ్రాలు కూడా బియ్యమే కదా, బొరుగులకు దగ్గరి చుట్టమే కదా అని నేను సర్దబోయాను. ఆ రాత్రి నాకు వడ్డించింది మా అత్త.

రెండో పాఠం బరువు. మొదట్లో చెప్పిన నా సత్యం ఇక్కడ వస్తుంది.

ఫోను తీసే ఫోటో నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. అంత బరువుతో పెడితే పేజీ తెరుచుకునేసరికి చూసేవాడు ఇంకో సైటులో భోంచేసి ఉంటాడు. పేజీలో అన్నిటికన్నా పెద్దది 2.5 సెకన్లలోపు కనబడితేనే బాగున్నట్టు అని గూగుల్ లెక్క. కాబట్టి ఫోటోలను చిక్కించాలి. చిక్కించడం మొదలుపెట్టాక తెలిసింది ఏ వంటకం నిజస్వరూపం ఏమిటో. ఇడ్లీ మహా సాత్వికం. ఒత్తగానే ఒదిగిపోయింది. పెరుగన్నం అయితే మరీ, అడక్కముందే తగ్గింది. ఉగ్గాని మాత్రం లొంగలేదు.

కారణం వెతికాను. 1992లో ఖాయమైన జేపెగ్ పద్ధతి ఫోటోను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోనూ మన కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేసి, లావుపాటి తేడాలను మాత్రం రాసుకుంటుంది. తెల్లటి ఇడ్లీలో ఒక గడికీ పక్క గడికీ తేడా ఏముంది? తెలుపు, మళ్లీ తెలుపు. రాసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఉగ్గానిలో ప్రతి బొరుగుకూ ఒక అంచు, ఒక నీడ, ఒక పక్క పసుపు, ఒక పక్క తెలుపు. మధ్యలో వేరుశనగ గింజ, ఆవగింజ, కరివేపాకు. ఇదంతా చాలదన్నట్టు పైన పప్పుల పొడి, రేణువు రేణువూ విడివిడిగా. ఆ గళ్లలో ఏది వదిలేయాలో తెలియక జేపెగ్ అన్నీ రాసుకుంటూ కూర్చుంటుంది. చేత్తో ఎత్తితే తూకమే తెలియని బొరుగులు ఫైలులో బండరాళ్లు అవుతాయి.

2010లో గూగుల్ వెబ్‌పీ అనే ఇంకో పద్ధతి తెచ్చింది. జేపెగ్ కన్నా 25 నుంచి 34 శాతం దాకా తగ్గుతుందని వాళ్లు చెప్పుకుంటారు. తగ్గింది, కాదనను. నాకు ఆశ చావలేదు. నాణ్యత అని ఒక మీట ఉంటుంది, నూరు నుంచి కిందికి జరుపుకోవచ్చు. 80కి జరిపాను, తేడా కనబడలేదు. 60కి జరిపాను, బాగానే ఉందనుకున్నాను. ఫైలు సన్నబడుతున్న కొద్దీ ఏదో మత్తు. చివరికి ఎక్కడ ఆగానో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ ఫోటోను విజయగర్వంతో మా ఆవిడకు చూపించాను.

చాలాసేపు చూసింది. "బావా, నేను చేసింది ఉగ్గానా, అంబలా?"

బొరుగులన్నీ కరిగి పసుప్పచ్చటి ముద్ద అయ్యాయి. మధ్యలో గళ్లు గళ్లుగా బజ్జి అనబడే ఒక గోధుమరంగు ఆకారం. నాణ్యతను కాస్త తగ్గించాల్సి వచ్చిందని సాంకేతికంగా వివరించాను. మర్నాడు పొద్దున పళ్లెంలో ఉగ్గాని వచ్చింది. తిరగవాతలో ఆవాలు లేవు, కరివేపాకు లేదు, పప్పుల పొడి ఊసే లేదు. ఏమిటిది అంటే, "నాణ్యత అరవైకి జరిపిన. తేడా తెలీదులే, తిను" అంది.

మూడో పాఠం మా మామతో వచ్చింది. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

మా మామ, అంటే అమ్మ తమ్ముడూ మా ఆవిడ నాన్నా ఒకరే, మాతోనే ఉంటాడు. నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఫోనులో ఉన్నదంతా పైకి చదివి వినిపించే ఏర్పాటు ఒకటి పెట్టించుకున్నాడు. వేలు ఆనించిన చోట ఏముందో అది తెలుగులో చెబుతుంది. పేపర్లు వింటాడు, పద్యనాటకాలు వింటాడు. బళ్లారి రాఘవ నటించిన ఊరి గాలి పీల్చినవాడినని ఆయనకొక ధీమా. నాటకం విషయంలో ఎవరి మాటా చెల్లనివ్వడు. నా సైటు కూడా వింటాడని నాకు తెలియదు.

ఫోటో వెనక ఆల్ట్ అని ఒక గడి ఉంటుంది. చూసేవాళ్లకు కనబడదు. అందులో ఫోటోలో ఏముందో మాటల్లో రాయాలి. గూగుల్ ఆ మాటల్ని చదివి ఫోటోను అర్థం చేసుకుంటుందని వీడియో కుర్రవాడు చెప్పాడు. కంటికి కనబడని చోట రాయమంటే మనిషి ఏం రాస్తాడు? పట్టపగ్గాలు లేకుండా రాస్తాడు. నేను రాసింది ఇది: ఉగ్గాని బెస్ట్ ఉగ్గాని బళ్లారి ఉగ్గాని సండూరు ఉగ్గాని చోరనూరు ఉగ్గాని ఈజీ ఉగ్గాని బొరుగుల ఉప్మా మండక్కి ఒగ్గరణె ఉగ్గాని ఎలా చేయాలి. ఇంచుమించు ఇదే మంత్రం అన్ని ఫోటోలకూ. బజ్జి ఫోటోకు, గరిటె ఫోటోకు, పొయ్యి ఫోటోకు కూడా.

ఒక మధ్యాహ్నం నడవలోంచి ఫోను గొంతు వినిపించింది. ఏ విరామమూ లేకుండా, ఏ భావమూ లేకుండా ఆ గొంతు నా మంత్రం చదువుతోంది. చదివి, తర్వాతి ఫోటోకు పోయి మళ్లీ అదే చదివింది. మామ మంచం మీద కూర్చుని శ్రద్ధగా వింటున్నాడు. నన్ను అలికిడి పట్టి పిలిచాడు.

"ఏమప్పా అల్లుడా, నాటకంలో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. నువ్వు ఎవురూ అనకుండానే నీకు నువ్వే వన్స్‌మోర్ కొట్టుకుంటాండావే!"

అది మీకోసం కాదు మామా, గూగుల్ కోసం అన్నాను.

"గూగుల్‌కు కండ్లు లేవా?"

అప్పుడు చదివాను. ఆ గడి గూగుల్ కోసం పుట్టలేదు. గూగుల్ సంస్థ మొదలైంది 1998లో. ఆల్ట్ 1995 నాటి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఉంది. బొమ్మ చూడలేనివాళ్లకు, బొమ్మలు చూపలేని యంత్రాలకు బొమ్మ బదులు మాట అందించడం దాని పని. 1999లో వచ్చిన వెబ్ అందుబాటు సూత్రాల్లో మొట్టమొదటిదే అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రవాడు కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాము మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చాడు. చూపులేని ఇంకో మిత్రుడు జేమ్స్ తే అతనితో చేతులు కలిపాడు. అది కూడా ఫోటో దగ్గరికి వచ్చినప్పుడు చదివేది ఈ గడిలోని మాటలనే. ఆ మాటల్ని కుక్కి కుక్కి పెడితే సైటును స్పాముగా చూడొచ్చని గూగుల్ కూడా తన సలహాల్లో రాసి ఉంచింది, పిల్లికూన ఉన్న పేజీలోనే. పిల్లికూన దాకా చదివి లేచిపోయిన మనిషిని నేను.

అలంకారానికి పెట్టిన బొమ్మ అయితే ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చట, చదివే గొంతు దాన్ని దాటుకుని పోతుంది. ఈ సంగతి మామకు చెప్పాను. "అట్లయితే నీ సైటంతా అలంకారమే అని పెట్టేయి" అన్నాడు.

సరే, తిరిగి రాయడానికి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది అసలు కష్టం. ఫోటోలో ఏముందో ఉన్నదున్నట్టు ఒక వాక్యం రాయమంటే రాయలేకపోయాను. స్టీలు పళ్లెంలో ఉగ్గాని, పక్కన రెండు బజ్జీలు. ఇంతేనా? మామ ఇంకా అడుగుతాడు. బజ్జి చీల్చి ఉందా, నిండుగా ఉందా? నిమ్మచెక్క ఉందా? పళ్లెం కింద ఏముంది? పళ్లెం కింద ఏముందో నేను ఎన్నడూ చూసుకోలేదు. ఫోటో నాదే, తీసింది నేనే. ఒక గుడ్డ ఉంది.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. మా బల్ల మీద వేడి బాణలి దించిన మచ్చ ఒకటి నల్లగా ఉంటుంది. అది ఫోటోలో పడకూడదని మా ఆవిడ సండూరులో కొన్న లంబాణీ కుట్టుపని గుడ్డ పరిచేది. అద్దాలు, గవ్వలు, ఎర్రదారం, నీలందారం. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు సండూరు కుశల కళా కేంద్రం వాళ్లు లంబాణీ పనితనం ఉన్న 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు అందుకున్నారు. 450 మందికి పైగా ఆడవాళ్లు కలిసి కుట్టినవి అవి. ఆ పని నా ఉగ్గాని కింద నలుగుతోంది.

ఇక మా సైటుకు ఎవరు ఏ మాట వెతికి వస్తున్నారో చూపించే నివేదికను బొమ్మల వరకు విడదీసి చూశాను. జనం వస్తున్నారు! గుండె గుబగుబలాడింది. వచ్చేవాళ్లు వెతికిన మాటలు చదివాను. లంబాణీ గుడ్డ. అద్దాల కుట్టు గుడ్డ. సండూరు ఎంబ్రాయిడరీ ధర. ఒక్క బొరుగు కూడా లేదు. 2017 నుంచి లెన్స్ అని ఒకటి వచ్చింది కదా, ఫోటోలో ఏ మూల ఏ వస్తువు ఉన్నా పోల్చుకుంటుంది. అది నా పళ్లెం చుట్టూ తిరిగి కిందికి చూసింది కాబోలు. గుడ్డ ఎంతకిస్తారని ఒకాయన ఈమెయిలు కూడా రాశాడు. పళ్లెం అడ్డంగా ఉంది, అది తీసి ఇంకో ఫోటో పంపగలరా అని మర్యాదగా కోరాడు.

మా ఆవిడకు చదివి వినిపించాను. సండూరు కేంద్రంలో అడుగుకోమను అని చెప్పి, "పోనీలే, వేళ్లు నొప్పులు పుట్టంగ కుట్టినాయమ్మ కండ్లలో పడింది గదా" అంది. ఆ సాయంత్రం గుడ్డ తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. ఇప్పుడు ఫోటోల్లో మచ్చ కనబడుతోంది.

ఆల్ట్ గడి మాత్రం మామ చేతికి పోయింది. తను లేకుండా ఆ గడి నింపడానికి వీల్లేదన్నాడు. పద్ధతి ఏమిటంటే, ముందు పళ్లెం ఆయన ముందు పెట్టాలి, ఆయన వాసన చూసి, ఒక ముద్ద తిని, చెబుతాడు. నేను రాసుకోవాలి. అలా రాసుకున్న మొదటిది ఇది: స్టీలు పళ్లెంలో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. ఫోటోల కోసం నిలబెట్టినందువల్ల బజ్జీలు మెత్తబడినాయి. ఉప్పు తక్కువ.

ఉన్నదున్నట్టు ఉందని పెట్టేశాను.

కొన్నాళ్లకు గుంతకల్లు పిన్ని మళ్లీ ఫోను చేసింది. వాళ్ల ఊరిలో సిగ్నల్ బలహీనంగా ఉన్నట్టుంది, మా సైటులో ఫోటో తెరుచుకోలేదు. తెరుచుకోని ఫోటో చోట ఆల్ట్‌లో రాసిన మాటలు కనబడతాయి. నీ వంటలో ఉప్పు తక్కువని మీ ఆయన లోకానికి దండోరా వేసినాడే అని చెప్పింది. మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను మామ వైపు చూశాను. మామ పద్యనాటకం చెవికి ఆనించుకున్నాడు.

వెంటనే తీసేశానని చెప్పాను. తీసేసినా గూగుల్ మళ్లీ వచ్చి చూసుకునేదాకా పాతదే కొన్నాళ్లు కనబడుతుంది, మన చేతిలో లేదని కూడా చెప్పాను. రెండో మాట నిజమే.

తీయలేదు. ఆ రోజు ఉప్పు నిజంగానే తక్కువ.